మర్యాద స్టాపు

“అమ్మా, ఆవిడని కాస్త కాలు తియ్యమను. నా బూటు ఆ కుర్చీ కింద ఉంది.”

“కాలు తియ్యమ్మాయ్,” అంది అత్తగారు.

కోడలు కాలు తీసింది. తీసి ఊరుకోకుండా కుర్చీతో సహా గోడ దాకా జరిగిపోయింది.

“అత్తయ్యా, టీ బల్ల మీద ఉందని చెప్పండి. చల్లారితే మళ్ళీ వేడి చేసే ఓపిక నాకు లేదని కూడా చెప్పండి.”

“ఒరేయ్ నాన్నా...”

“వినపడిందిలే.”

కొత్త రూట్ల పటం డిపో గోడ ఎక్కి ఇది ఐదో రోజు. ఆ రోజు నుంచీ ఈ ఇంట్లో మొగుడూ పెళ్ళాల మధ్య నేరుగా మాటల్లేవు. ఏ మాటైనా అత్తగారి దగ్గర దిగి, అక్కడ మారి, రెండో బస్సెక్కి వెళ్ళాల్సిందే. ఆసుపత్రి లాండ్రీలో రోజంతా దుప్పట్లు మడతపెట్టి వచ్చే అరవై ఏళ్ళ మనిషికి ఇంట్లో ఇదొక ఉద్యోగం. జీతం లేదు, వారానికో సెలవు కూడా లేదు.

పటం గీసింది కోడలు. నగర రవాణా ప్రణాళిక ఆఫీసులో ఆమె చేసేది అదే పని. రెండేళ్ళు కళ్ళు పోయేలా గీసిన ఆ పటంలో ఇరవై ఏడో నంబరు బస్సుకి గీత లేదు. ఇరవై ఏడో నంబరు తోలేది ఆమె మొగుడు. ఎనిమిదేళ్ళుగా తోలుతున్నాడు. వచ్చే నెల ఒకటో తారీకు నుంచి ఆ బస్సు ఉండదు.

అతనిది ఎప్పుడూ రెండో షిఫ్టే. ఒంటిగంటకి గానీ ఇల్లు కదలడు. మొదటి షిఫ్టు అయితే తెల్లారేసరికి వెళ్ళిపోయేవాడు, ఈ పొద్దుటి పేచీలు తప్పేవి.

“అమ్మా, ఒకటి అడుగు. పటంలో ఎర్రగీతలున్నాయి, నీలం గీతలున్నాయి. సైకిళ్ళ వాళ్ళకి కూడా పచ్చగీత వేశారు. ఇరవై ఏడు దగ్గరికి వచ్చేసరికి రంగులైపోయాయా?”

“రంగులు చూసి కాదు అత్తయ్యా, లెక్క చూసి గీస్తాం. పెద్దరోడ్డు మీద పది నిమిషాలకో బస్సు రావాలంటే ఎక్కడో ఖాళీగా తిరిగే బళ్ళు తియ్యక తప్పదు. జనం కార్లు ఇంట్లో పెట్టి బస్సెక్కాలంటే, ఈ ఊళ్ళో గాలి కాస్త పీల్చుకునేలా ఉండాలంటే...”

“ఖాళీగా తిరిగే బళ్ళా!”

ఈ మాట అత్తగారి దగ్గర ఆగలేదు. నేరుగా వచ్చి కోడలికే తగిలింది. అన్నవాడు నాలిక కరుచుకుని టీ గ్లాసులోకి చూశాడు.

ఐదు రోజుల ఉపవాసం చెడింది కాబట్టి ఆమె కూడా ఆగలేదు. సంచిలోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

“చూసుకోండి మరి. మూడు రోజులు లెక్కపెట్టించాం. ప్రతి స్టాపు స్తంభం దగ్గరా ఒక మనిషిని నిలబెట్టాం, బస్సులో ఒకతన్ని కూర్చోబెట్టాం. ఆసుపత్రి దాటాక వంతెన అవతలి స్టాపు దాకా, మీ బస్సు ఎక్కింది మూడు రోజులకీ కలిపి నలుగురు. చదువుకోండి మీరే.”

పెళ్ళయిన కొత్తలోనే వాళ్ళిద్దరికీ ఒక ఒప్పందం ఉంది. ఇద్దరూ నువ్వు అనుకోవడమే. ఆమె నోట మీరు వచ్చిందంటే ఆ పూటకి దూరంగా మసలుకోవడం మంచిదని అతనికి తెలుసు. ఇవాళ తెలిసీ పట్టించుకోలేదు.

“నలుగురా? కళ్ళున్నవాడేనా లెక్కపెట్టింది? నాలుగున్నర షిఫ్టు వదిలితే ఒక్క వెనక గేటు దగ్గరే నలభై మంది ఎక్కుతారు!”

“ఆసుపత్రి వెనక గేటు దగ్గరా?”

“అవును.”

“అక్కడ స్టాపే లేదు కదా.”

అత్తగారు లేచి, ఖాళీగా ఉన్న గిన్నెని తీసుకెళ్ళి మళ్ళీ కడిగింది.

“అత్తయ్యా, అక్కడ స్టాపు లేదు. నాకు తెలుసు. ఈ ఊళ్ళో ఉన్న ప్రతి స్తంభం నాకు తెలుసు.”

“స్తంభం లేదమ్మా,” అంది అత్తగారు, కుళాయి కట్టెయ్యకుండానే. “మర్యాద స్టాపు ఉంది.”

“ఏం స్టాపు?”

“అమ్మా!” అన్నాడు కొడుకు.

“ఇంకా ఏం దాస్తావురా? బస్సే పోతోంటే!”

అప్పుడు చెప్పింది అత్తగారు. ఇరవై ఏడుకి అసలు స్టాపు వంతెనకి అవతల, ముప్పావు కిలోమీటరు దూరంలో ఉంది. అక్కడిదాకా నడవాలంటే పక్కన కాలిబాట లేదు, ఒంటిని రాసుకుంటూ లారీలు పోతాయి. ఎనిమిది గంటలు నిలబడి పని చేసిన లాండ్రీ ఆడవాళ్ళు, ఒంట్లో బాగాలేక వచ్చిన రోగులు ఆ దారిన నడుస్తుంటే చూడలేక, ఎనిమిదేళ్ళ కిందట ఒకరోజు ఇతను వెనక గేటు దగ్గర బ్రేకు వేశాడు. మర్నాడూ వేశాడు. పనివాళ్ళవి నెల పాసులు, రోగులవి ఆసుపత్రి ఇచ్చే పాసులు, చూపించి ఎక్కుతారు. టికెట్టు మిషన్లో ఏదీ పడదు. మర్యాదకి ఆపేది కాబట్టి డ్రైవర్లు దానికి మర్యాద స్టాపు అని పేరు పెట్టుకున్నారు. కాగితం మీద ఉండదు. పైవాళ్ళ చెవిన వెయ్యరు.

“నాకెందుకు చెప్పలేదు?” అంది కోడలు.

“నువ్వేమో ఆ ఆఫీసులో పని చేస్తావు. తెలిస్తే చెప్పాలి, చెబితే వీడికి చేటు. తెలియకపోతే నీకే సుఖం అనుకున్నాం.”

ఆమెకి కోపం రావాల్సింది. రాలేదు. నీరసం వచ్చింది. ఊరంతటినీ పటంలో పెట్టిన మనిషికి తన ఇంట్లోనే తెలియని స్టాపు ఒకటి ఉందన్నమాట.

“అయినా బస్సులో మా మనిషి కూర్చున్నాడుగా మూడు రోజులూ. మీరు వెనక గేటు దగ్గర ఆపితే అతను రాసుకోడా?”

“ఎవడు?” అన్నాడతను. అంటూండగానే మొహం మారింది. “నీలం చొక్కా. మూడో సీట్లో కూర్చుని ఊరికే నోటుబుక్కులో గీతలు పెట్టినవాడా?”

“అతనే.”

“వాడు చెకింగ్ అనుకున్నాను.”

“చెకింగ్ ఎందుకవుతాడు? నేనే పంపించాను.”

“నువ్వా!”

“మామూలు రోజుల్లో ఎలా నడుస్తుందో తెలియాలని, ఎవరికీ చెప్పొద్దని ఆర్డరు. ఇంట్లో కూడా చెప్పలేదు.”

“నోటుబుక్కు పట్టుకుని, ఎక్కడా దిగకుండా, చివరిదాకా వచ్చి మళ్ళీ అదే బస్సులో వెనక్కి వెళ్ళేవాడు చెకింగ్ కాక ఇంకేం అవుతాడు? పోయిన ఏడు మెమో తిన్నవాణ్ణి నేను. మొదటి ట్రిప్పు కాగానే అమ్మకి ఫోను చేసి అందరికీ చెప్పించేశాను, బస్సులో పిశాచం ఉంది, అది వదిలేదాకా ఇటు నిలబడకండి అని. మూడు రోజులూ రూలు ప్రకారం నడిపాను.”

“ఆ మూడు రోజులే నేను పెద్దరోడ్డు బస్సులో వచ్చాను,” అంది అత్తగారు. “అందరం ముందు గేటుకి నడిచి, పెద్దబస్సెక్కి, చౌరస్తాలో దిగి ఇంకో బస్సెక్కి వచ్చాం. కాళ్ళు బుస్సున పొంగితే నువ్వే కదమ్మా వేడినీళ్ళు కాచి తొట్టిలో పోసింది?”

కోడలికి గుర్తుంది. నీళ్ళు పోసింది, పక్కన కూర్చుని పాదాలు ఒత్తింది కూడా. మర్నాడు ఆఫీసుకెళ్ళి రిపోర్టులో రాసింది, జనం తమంతట తామే పెద్దరోడ్డు బస్సుకి మళ్ళుతున్నారని. ఆ వాక్యం బాగుందని పై అధికారి కింద గీత కూడా గీశాడు.

“నువ్వు చెప్పలేదు,” అన్నాడతను.

“నువ్వు ఆపలేదు,” అంది ఆమె.

ఇక ఎవరిని ఎవరు తిట్టాలో ఇద్దరికీ తెలియలేదు. అతను మళ్ళీ తల్లి వైపు తిరిగాడు. ఈసారి గొంతులో కోపం లేదు, భయం ఉంది.

“అమ్మా, ఆవిడకి చెప్పు. వెనక గేటు మాట ఆఫీసులో ఎత్తిందంటే నాకు రెండో మెమో వస్తుంది. రెండోది వస్తే స్టీరింగు తీసేసి బస్సులు కడిగే పనిలో వేస్తారు. నా చేతికి వేరే పని రాదు.”

అత్తగారు ఆ మాటని కోడలికి చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకపోయింది.

ఆఫీసులో పై అధికారిని అందరూ చాటున స్కేలుబద్ద అంటారు. చెడ్డవాడని కాదు, వంగడని. రెండు కంప్యూటర్ల మధ్య తలనొప్పి మాత్ర మింగుతూ కనపడ్డాడు.

“సార్, ఇరవై ఏడు లెక్కలో ఏదో పొరపాటు జరిగిందని అనుమానంగా ఉంది.”

“అనుమానానికి కాగితం ఉందా?”

“మళ్ళీ ఒకసారి లెక్కపెట్టిస్తే...”

“ఎల్లుండి గురువారం అభిప్రాయ సేకరణ. శుక్రవారం పటం ప్రెస్సుకి వెళ్తుంది. ఇప్పుడు లెక్కపెట్టడానికి మనుషులెక్కడున్నారు?” ఆయన కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకున్నాడు. “చూడండి, ఇరవై ఏడు తీస్తే మిగిలే బళ్ళు ఊరి చివర కొత్త కాలనీలకి వెళ్తాయి. అక్కడ నలభై నిమిషాలు నిలబడుతున్నారు. వాళ్ళకీ కాళ్ళున్నాయి.”

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. అదే ఆమెకి ఇంకా కష్టంగా ఉంది.

“పోనీ, ఒకచోట స్టాపు లేకపోయినా బస్సు ఆపుతున్నారనుకోండి. అప్పుడు మన లెక్క...”

“ఎవరు ఆపుతున్నారు?” ఆయన పెన్ను మూత తీశాడు. “పోయిన ఏడు వంతెన మీద ఆపినవాడికి మెమో ఇచ్చాం. వెనకొచ్చే లారీ గుద్దితే బాధ్యత ఎవరిది? ఎవరో చెప్పండి.”

“ఊరికే అనుకోండి అన్నాను సార్.”

“ఊరికే అనుకుని పటాలు గియ్యం.” పెన్ను మూత పెట్టాడు. “ప్రయాణికులు ఎవరైనా గురువారం వచ్చి నోటితో చెబితే రాసుకుంటాం. రాసేది మీరే కదా.”

ఆమె భర్త డ్రైవరని ఆయనకి తెలుసు. ఏ రూటు తోలతాడో ఎన్నడూ అడగలేదు. ఆమె తన కుర్చీలోకి వచ్చి కూర్చుని, తెర మీద పటం తెరిచి, చేసే పనేమీ లేక మళ్ళీ మూసేసింది. చెబితే మొగుడి పని పోతుంది. చెప్పకపోతే నలభై మంది బస్సు పోతుంది, అందులో ఒకరు అత్తగారు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

దారి ఒకటే కనపడింది. బుధవారం పొద్దున్నే అత్తగారిని బల్ల దగ్గర కూర్చోబెట్టింది. అతను గుమ్మంలో నిలబడి గడ్డం గీసుకుంటున్నాడు. అద్దం లోపల పెట్టుకోవచ్చు, ఇవాళ గుమ్మానికి వేలాడదీశాడు.

“రేపు మీరు లేచి ఒకటే మాట చెప్పండి అత్తయ్యా. వెనక గేటు దగ్గర ఇరవై ఏడో నంబరు బస్సు ఆపాలి. అంతే.”

“వెనక గేటు దగ్గర ఇరవై ఏడో నంబరు బస్సు ఆపుతారు...”

“ఆపుతారు కాదు. ఆపాలి.”

“అదే కదమ్మా నేనన్నది.”

“కాదత్తయ్యా. ఆపుతారు అంటే ఇప్పుడు ఆపుతున్నట్టు. ఎవరు ఆపుతున్నారని అడుగుతారు. ఆపాలి అంటే ఇంతవరకూ ఆపలేదు, ఇకనుంచి ఆపమని అడుగుతున్నట్టు.”

అత్తగారు ఆలోచించింది. “చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది ఈ పని.”

“అలాగే వెతకండి. పిల్ల ఉన్నట్టు మాత్రం చెప్పకండి.”

“ఆపాలి,” అంది అత్తగారు. “ఆపాలి. ఆపాలి. ఇంత బతుకు బతికి ఒక మాట నేర్చుకోలేకపోతానా?” నాలుగోసారి మళ్ళీ ఆపుతారు అంది.

గుమ్మంలో అతనికి నవ్వొచ్చి గడ్డం తెగింది. “అమ్మా, ఆవిడకి చెప్పు,” అన్నాడు దూది వెతుక్కుంటూ, “నిన్ను నమ్ముకుంటే నేను మునిగినట్టేనని.”

చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో ముగ్గురూ నవ్వారు. కోడలు దూది తీసి బల్ల మీద పెట్టింది. చేతికి ఇవ్వలేదు గానీ, అతనికి అందేంత దగ్గరగా పెట్టింది.

గురువారం మూడింటికి అభిప్రాయ సేకరణ. దగ్గర్లో పెద్ద గది అదేనని ఆసుపత్రి మేడ మీద హాల్లో పెట్టారు. లాండ్రీ ఆడవాళ్ళు పర్మిషన్ తీసుకుని ఇరవై మంది దాకా వచ్చారు. సబ్బు వాసనతో, ముడతలు పడిన వేళ్ళతో వెనక వరసల్లో కూర్చున్నారు. వేదిక మీద స్కేలుబద్ద, పక్కన చిన్న బల్ల దగ్గర కోడలు. ఎవరేం చెప్పినా ఉన్నది ఉన్నట్టు ఆ పుస్తకంలో రాయాలి.

గంటసేపు ఎవరెవరో మాట్లాడారు. ఒకాయన సైకిల్ దారి వల్ల తన దుకాణం ముందు కారు పెట్టుకోవడానికి లేదన్నాడు. ఇంకొకాయన ఎర్రగీత తన వీధిలోంచి వెళ్ళకూడదన్నాడు, మళ్ళీ తన ఇంటికి దూరం కాకూడదని కూడా అన్నాడు. కొత్త కాలనీ నుంచి వచ్చిన టీచరమ్మ, బస్సు కోసం నిలబడి నిలబడి నడుం పోయిందని చెప్పి, అంతకంటే చెప్పలేక కూర్చుంది. కోడలు అన్నీ రాసింది.

అత్తగారు లేచింది. చేతిలో ఉన్న రుమాలుని దుప్పటిలాగా నాలుగు మడతలు పెట్టింది.

“అయ్యా, నేను ఇక్కడ లాండ్రీలో పని చేస్తాను. వెనక గేటు దగ్గర ఇరవై ఏడో నంబరు బస్సు...” ఆవిడ ఒక్క క్షణం ఆగింది. “ఆపాలి.”

కోడలు ఊపిరి వదిలి రాసుకుంది.

“మంచిదమ్మా,” అన్నాడు స్కేలుబద్ద. “కానీ ఒకటో తారీకు నుంచి ఇరవై ఏడే ఉండదు. లేని బస్సుకి స్టాపు ఎక్కడ పెట్టను? కొత్త స్టాపుల దరఖాస్తులు వచ్చే ఏడు చూస్తాం.”

“బస్సు తియ్యకండయ్యా. మేం నలభై మందిమి ఉన్నాం.”

“నలభై మంది ఉంటే మా లెక్కలో పడాలి కదా. మూడు రోజులు మా మనిషి ఆ బస్సులోనే కూర్చున్నాడు. వెనక గేటు దగ్గర ఒక్కరూ ఎక్కలేదు.” ఆయన గొంతు పెంచలేదు. మూడింటి నుంచీ మాట్లాడి మాట్లాడి పెంచే ఓపిక కూడా లేదు. “నిజంగా జనం ఉంటే కనీసం డ్రైవర్లైనా మాకు చెప్పేవాళ్ళు. వాళ్ళకేం పట్టిందమ్మా? ఖాళీ బండి తోలుకోవడం వాళ్ళకి హాయి. దారిలో ముసలివాళ్ళు చెయ్యెత్తినా చూడకుండా పోతారు. మనిషిని చూసి బస్సు ఆపే డ్రైవర్లు ఇప్పుడెక్కడున్నారు?”

“ఉన్నాడయ్యా!” అంది అత్తగారు. “ఆపుతాడు. ఎనిమిదేళ్ళ నుంచి రోజూ ఆపుతున్నాడు. మీ మనిషిని చూసి భయపడి ఆ మూడు రోజులు ఆపలేదు గానీ.”

“అది మర్యాద స్టాపండీ!” అంది వెనక వరసలోంచి ఒకావిడ, తన వంతు సాయం చేస్తున్నాననుకుని.

అత్తగారి చేతిలో రుమాలు మడత విడిపోయింది.

“ఎవరమ్మా ఆపేది?” అన్నాడు స్కేలుబద్ద.

అత్తగారు విడిపోయిన రుమాలుని మళ్ళీ మడతపెట్టబోయింది.

“లేదు, ఇది తేలాలి.” ఆయన బల్ల వైపు తిరిగాడు. “ఇదంతా రికార్డు. ఆపాలి అంటే కొత్త కోరిక, వచ్చే ఏడు చూస్తాం. ఆపుతాడు అంటే మన లెక్కే తప్పు, అప్పుడు రూటు తియ్యడానికి వీల్లేదు. ఆవిడ ఆఖరికి ఏమన్నారు? చదవండి.”

కోడలు పుస్తకంలోకి చూసింది. చేత్తో రాసింది ఒకటే మాట, మొదటిది. రెండోది ఇంకా రాయలేదు. మొదటిదే చదివేస్తే అబద్ధం కూడా కాదు. ఇంటికెళ్ళి టీ కాచుకుని తాగొచ్చు. ఒకటో తారీకున ఇరవై ఏడు పోతుంది, అతను ఇంకో బస్సు తోలుకుంటాడు, ఎవరి తప్పూ ఎక్కడా రాసి ఉండదు.

తలెత్తింది. అత్తగారు ఆమెనే చూస్తోంది. ఆ చూపులో ఇది చదువు, అది చదవొద్దు అని ఏమీ లేదు. డ్యూటీ దిగొచ్చి కుర్చీలో కూలబడినప్పుడు ఎలా చూస్తుందో అలాగే చూస్తోంది. కోడలికి తను రాసిన రిపోర్టు గుర్తొచ్చి సిగ్గేసింది. జనం తమంతట తామే మళ్ళుతున్నారు! వాచిన కాళ్ళకి నీళ్ళు పోసిన చేత్తోనే ఆ ముక్క రాసింది.

“ఆపుతాడు అన్నారు సార్,” అంది. అన్నాక పుస్తకంలో రాసింది.

స్కేలుబద్ద చాలాసేపు నుదురు పట్టుకున్నాడు. తర్వాత నిటారుగా కూర్చుని, ఎప్పుడూ చేసే పనే చేశాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. “లెక్క తప్పింది. తప్పు మాది. ఇరవై ఏడు ఉంటుంది. కొత్త కాలనీల బళ్ళ సంగతి వేరేగా చూస్తాం.”

వెనక వరసల్లో చప్పట్లు మొదలయ్యాయి. టీచరమ్మ సంచి సర్దుకుని లేచి వెళ్ళిపోయింది. ఆ చప్పట్లలోనే ఆయన కోడలి వైపు వంగి, మామూలు గొంతుతో అన్నాడు.

“ఆ డ్రైవరు ఎవరో డిపో నుంచి పేరు తెప్పించండి. మెమో మీరే తయారు చేసి రేపు పొద్దున్నే నా బల్ల మీద పెట్టండి. రూటు మీకు బాగా తెలుసు కదా.”

“తెలుసు సార్,” అంది.

నాలుగూ నలభైకి వెనక గేటు దగ్గర నలభై మంది నిలబడ్డారు. అత్తా కోడళ్ళు ఒకరి పక్కన ఒకరు నిలబడ్డారు గానీ మాట్లాడుకోలేదు. ఒకసారి మాత్రం అత్తగారు, “నా నోరు పడిపోనూ,” అంది. “ఊరుకోండత్తయ్యా, చదివింది నేను,” అంది కోడలు.

ఇరవై ఏడు వచ్చింది. స్తంభం లేనిచోట, రోజూ ఆగేచోట ఆగింది. తలుపు తెరుచుకుంది. డ్రైవరు వంగి చూశాడు, తల్లిని చూశాడు, పెళ్ళాన్ని చూశాడు.

“ఏమైంది?” అన్నాడు. ఎవరి ద్వారానో కాదు, ఆమెనే అడిగాడు. “ఉందా, పోయిందా?”

“ఉంది.”

“నిజంగా?”

“నిజంగానే. ఇరవై ఏడు ఉంటుంది.”

అతను స్టీరింగు మీద రెండు చేతులతో కొట్టాడు. ఎక్కేవాళ్ళందరినీ పేరుపేరునా పలకరించాడు, పాసులు చూడనైనా చూడలేదు. హాలు నుంచి వచ్చిన ఆడవాళ్ళు కమ్మీ పట్టుకుని, అతని మొహం చూడకుండా లోపలికి పోయారు. అలసిపోయారనుకున్నాడు.

ముందు సీటులో పెళ్ళాన్ని కూర్చోమన్నాడు. బస్సు వంతెన ఎక్కుతోంది. అతను ఆరు రోజులు బిగబట్టుకున్నదంతా ఒక్కసారే మాట్లాడుతున్నాడు. ఆ నీలం చొక్కావాణ్ణి ఇంటికి పిలిచి టీ ఇవ్వాలన్నాడు. వెనక గేటు దగ్గర స్తంభం పెడితే దాని మీద పేరు మాత్రం మర్యాద స్టాపు అనే రాయించాలన్నాడు. “అమ్మకి ఆ ముక్క సరిగ్గా నోరు తిరిగిందన్నమాట. ఎన్నిసార్లు అందేమిటి?”

“బస్సు పక్కకి ఆపు,” అంది కోడలు. “నీకొకటి చెప్పాలి.”

“ఇక్కడా? వంతెన మీదా?” అతను గట్టిగా నవ్వాడు. బస్సంతా వినపడేలా అన్నాడు. “స్టాపు లేనిచోట ఆపితే మీ ఆఫీసు నాకు మెమో ఇస్తుంది మేడమ్!”

ఎవరూ నవ్వలేదు.

అతను అద్దంలోకి చూశాడు. లాండ్రీ ఆడవాళ్ళు కిటికీల్లోంచి బయటికి చూస్తున్నారు. తల్లి రుమాలు మొహానికి అడ్డం పెట్టుకుంది. పక్కకి తిరిగి భార్యని చూశాడు. ఆమె ఒడిలో ఆఫీసు పుస్తకం ఉంది. దాని మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది.

అతను బ్రేకు మీద కాలు వేశాడు. వంతెన మధ్యలో ఇరవై ఏడు ఆగింది. వెనక లారీలు హారను మొదలుపెట్టాయి.

“చెప్పు,” అన్నాడు.